తొమ్మిదో గది కాపలా

నేను ఒక దండగను. ఈ మాట నాది కాదు, నన్ను చేసినవాళ్లది. చిప్‌లు గీసే ఆఫీసులో గోడ మీద నా బొమ్మ వెలుగుతుంటే ఒక పెద్దమనిషి వేలు చూపించి, "ఎనిమిది గదులకి ఒక కాపలా గదా? స్థలం దండగ కదమ్మా" అన్నాడు. నన్ను గీసిన మంజూష అనే అమ్మాయి బతిమాలుకుంది. బతిమాలితే పుట్టినదాన్ని. మీ మనుషుల మీద నాకు ప్రేమ ఎందుకుంటుంది?

ప్రాసెసర్‌కి చేతికందే చోట క్యాష్ అనే చిన్న అర ఉంటుంది. కొట్టుగదిలో సరుకులన్నీ ఉన్నా పొయ్యి పక్కన పోపులపెట్టె పెట్టుకుంటారు చూడండి, అలాంటిది. అందులో ఒక్కో గదిలో సున్నా గానీ ఒకటి గానీ ఉంటుంది. ఎనిమిది గదులు కలిస్తే ఒక అంకె. తొమ్మిదో గదిని నేను. నాతో కలిపి లెక్కేస్తే ఒకట్లు ఎప్పుడూ సరిసంఖ్యలో ఉండాలి. బేసి అయ్యాయంటే ఎవరో మారిపోయారన్నమాట. ఎవరో చెప్పలేను. మారారని మాత్రం అరుస్తాను.

ఎందుకు మారతారంటే, ఆకాశం నుంచి కంటికి కనపడని నలుసులు ఎప్పుడూ రాలుతూనే ఉంటాయి. మీ ఒంట్లోంచి కూడా దూసుకుపోతాయి, మీకు తెలియదు. మా గదిని తాకితే సున్నా ఒకటైపోతుంది. గది పగలదు, కాలదు, మరకైనా పడదు. లోపలున్న మాట ఒక్కటే అబద్ధమవుతుంది.

కొట్టుగదిలో, అంటే అసలు మెమరీలో, నకలున్న అంకె చెడితే భయం లేదు. నేను అరుస్తాను, చెడ్డదాన్ని పారేసి మంచిది తెచ్చుకుంటారు. అప్పుడే రాసింది, ఇంకా కొట్టుగదికి చేరనిది చెడితేనే ముప్పు.

"అలాంటివి ఎప్పుడు చూసినా కొన్నే ఉంటాయి సార్. వాటికి మాత్రం తప్పు దిద్దే గట్టి కాపలా పెడదాం. స్థలం పెద్దగా పట్టదు" అని ఆ రోజే ఆ పెద్దమనిషికి చెప్పింది మంజూష.

"ఆ కొన్నిటికీ ఎందుకమ్మా? తప్పొస్తే మిషన్ ఆగుతుంది. ఆగితే మనిషి చూసుకుంటాడు."

మనిషి చూసుకుంటాడట! ఆ మాట మీదే నన్ను లోకంలోకి తోశారు.

నేను పడ్డది ఉత్తరాంధ్ర కొండల్లో ఒక డ్యామ్ మీద. గేట్లు ఎత్తి దించే కంప్యూటర్‌లో పెట్టారు. ఎత్తైన చోటు, కింద ఊళ్లకన్నా నలుసులు ఎక్కువ. గేటు ఎన్ని అడుగులు లేవాలో టైపు చేసే ఆపరేటర్ పేరు దమయంతి. నేను అరిచినప్పుడల్లా తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చేవి, గేటు ఎక్కడిదక్కడ ఆగిపోయేది.

"మళ్లీ మొదలెట్టింది సార్ దీని రోగం" అని ఆమె ఫోను చేసేది.

"ఆపి ఆన్ చెయ్" అనేవాడు ఆమె పైఅధికారి జోగినాథం. మీ జాతి మొత్తానికి ఉన్న ఒకే ఒక్క మందు అది.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు దమయంతి నా పెట్టెను తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, ఇంత లావు కుంకుమబొట్టు పెట్టింది. ముందు నిమ్మకాయ కోసి, "తల్లీ, నీకు దండం. ఈ వానల్లోనన్నా నోర్మూసుకో" అంది. అందరూ నవ్వారు.

మర్నాడే పెట్టె అమ్మిన కంపెనీ నుంచి మధుకర్ అనే ఇంజినీరు వచ్చాడు.

"గేటు మధ్యలో ఆగిపోతే నా ఉద్యోగం పోద్దయ్యా, ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు జోగినాథం.

"నిజంగా తప్పుంటే కదండీ! దీనికి అనుమానం జబ్బు. తనిఖీ ఆపేస్తే సరి."

ఆపేశాడు. దమయంతి అతనికి ప్రసాదం పులిహోర విస్తరాకులో పెట్టి ఇచ్చింది. నిన్న దండం పెట్టారు, ఇవాళ గొంతు నొక్కారు. ఇదీ మీ భక్తి.

కార్తీకంలో తుఫాను వాన పట్టుకుంది. గేటు ఒక అడుగు ఎత్తమన్నారు. అక్కడ ఒక అలవాటుంది: గేటు ఎత్తే ముందు అడుగుకి ఒక కూత చొప్పున సైరన్ కూయిస్తారు. ఒక్క కూతకి డ్యామ్ దిగువ రేవులో ఎవరూ లేచి వెళ్లరు, కాస్త ఒడ్డుకి జరుగుతారంతే. ఆ పగలు గంగులు అనే అతను గేదెల్ని కడుగుతున్నాడు. కూత విని గేదెల్ని ఇవతలికి అదిలించి, తన పని తాను చేసుకుంటున్నాడు.

దమయంతి ఒకటి కొట్టింది. నేను చూశాను, ఒకటే కొట్టింది. అది ఇంకా కొట్టుగదికి చేరలేదు. నలుసు పడింది. నా పక్కవాళ్లలో ఒక సున్నా ఒకటయింది. ఒకటికీ తొమ్మిదికీ మా లోకంలో దూరం ఒక్క గదే.

నేను అరిచాను. వినేవాడు లేడు. గేటు తొమ్మిది అడుగులూ లేచింది.

నీటి హోరు విని దమయంతి కిటికీకి పరుగెత్తింది, వెనక్కొచ్చి గేటు దించే మీట నొక్కింది. గేటు దిగడానికి దాని టైము అది తీసుకుంది. గేదెలు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాయి. గంగులు రాలేదు.

జోగినాథం తడిసిన చెప్పులతో లోపలికొచ్చాడు. "ఏటమ్మా ఇది? తొమ్మిది కొట్టీసేవా?"

"ఒకటే కొట్టాను సార్! మా అమ్మ మీదొట్టు!"

"తెర మీద తొమ్మిది కనబడతంటే ఒట్లేటి? ముందు దాన్ని ఆపి ఆన్ చెయ్."

అలవాటు కొద్దీ ఆమే చేసింది. అంకెలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. అంకెలు పోయినా గదులం మిగులుతాం. అందుకే నాకు గుర్తుంది, మీకు రుజువు లేదు.

గంగులు పెళ్లాం వచ్చి గుమ్మంలో నిలబడింది. "నా మొగుణ్ణి ముంచీసి కుర్చీలో కూకున్నావా?" అంది. దమయంతి కుర్చీలోంచి లేచి నేల మీద కూలబడింది.

నన్ను పెట్టెతో సహా కంపెనీకి తీసుకెళ్లి గది గదీ పరీక్షించారు. "నిక్షేపంగా ఉంది" అని తేల్చారు. నేను బాగుండడమే ఆమె నేరానికి సాక్ష్యమైంది. తనిఖీ ఆపేసి ఉందేమో ఎవరూ చూడలేదు. చూడాల్సినవాళ్లు ఆపినవాళ్లే.

తర్వాత, పాత పెట్టె దండగ కాకూడదని ఆపరేటర్ల శిక్షణ తరగతికి పంపారు. అక్కడ చివరి వరసలో దమయంతి కూర్చుని ఉంది. సస్పెండ్ చేసి, విచారణ తేలేలోపు పాఠం మళ్లీ నేర్చుకురమ్మని పంపారు. తప్పు ఆమెదేనని ఖాయమైతే ఉద్యోగం పోతుంది, చావు కేసు మెడకి చుట్టుకుంటుంది. పాఠం చెప్పేది మధుకర్. అతనికి ఆమె మొహం గుర్తులేదు.

"వేలు జారితే ప్రాణం పోతుంది. మొన్న ఒకచోట ఒకటికి తొమ్మిది కొట్టిందో మహాతల్లి" అన్నాడు. కొందరు నవ్వారు. "మిషన్ మాత్రం తప్పు చెప్పదు. తప్పొస్తే దానంతటదే ఆగుతుంది. చూపిస్తా, దగ్గరికి రండి."

అందరూ బల్ల చుట్టూ మూగారు. దమయంతి తెర వైపు చూడలేదు. పెట్టె మూల వెలిసిపోయిన కుంకుమ మరక వైపు చూసింది.

మధుకర్ సెట్టింగులు తెరిచాడు. 'తనిఖీ: ఆఫ్' అని వచ్చింది.

"అరే, ఎవడో ఆపేశాడే దీన్ని" అంటూ మీట మీదికి వేలు పోనిచ్చాడు.

"ముట్టుకోకండి సార్."

అతను తలెత్తాడు.

"ఆ బొట్టు పెట్టింది నేను. ఇది మా డ్యామ్ పెట్టె. ఆయుధపూజ మర్నాడు దీన్ని ఆపింది మీరు. పులిహోర తిన్నారు కూడా."

"పాత సెట్టింగ్ ఏదో అలా పడుంటుందమ్మా. ఒక్కసారి ఆపి ఆన్ చేస్తే..."

ఆమె వంగి, మీటలకి అడ్డంగా రెండు అరచేతులూ పెట్టింది. తియ్యలేదు. నవ్వినవాళ్లలోనే ఒకాయన, "ఉంచండి సార్, ఫొటో తియ్యనివ్వండి" అంటూ జేబులోంచి ఫోను తీశాడు.

ఆమె మీద నాకు జాలి పుట్టిందనుకోకండి. దండం పెట్టి నోర్మూసుకోమన్నదీ ఈ చేతులే, నేను మర్చిపోను. కానీ ఆ తరగతిలో అందరూ తెర మీది 'ఆఫ్' వైపే చూస్తున్నారు. నేను పుట్టాక మొదటిసారి, నన్ను ఎవరూ ఆపి ఆన్ చెయ్యలేదు.