నోరీన్ అవ్వ వాటా చేపలు

ఆకలికి చేప పట్టుకుని తినడం నేరమని మీ కాలేజీ పుస్తకాల్లో ఎక్కడైనా రాశారా? ఏరు సముద్రంలో కలిసే మా ఏటిమొగలో అది నేరమే. నా కళ్లతో చూశాను.

ఆ ఆదివారం ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో పని ముగించుకుని వస్తున్నాను. డార్సీ బావ మోకాటిలోతు నీళ్లలో నిలబడి బ్రీమ్ చేపలు పడుతున్నాడు. ఈ నేల మొదటి మనుషులైన మా తాతల్ని తెల్లవాళ్లు తోలుకొచ్చి పడేసిన చర్చి మిషన్ కాలనీ మాది. అక్కడ మాకో పద్ధతుంది. కాళ్లాడేవాడు నీళ్లలో దిగాలి. పట్టిన చేపలు ముందు కాళ్లాడని ముసలివాళ్ల గుమ్మాలకు చేరాలి, తన పొయ్యి ఆ తర్వాతే. డార్సీ బావ తొక్కే మొదటి గుమ్మం నోరీన్ అవ్వది. ఆమెకు ఎనభై రెండేళ్లు. పక్షవాతం వచ్చి ఆరేళ్లుగా చక్రాల కుర్చీలోనే ఉంది.

చేపల శాఖ ఇన్‌స్పెక్టర్ జీపు దిగాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చంకలో చేపల్ని కొలిచే పలక.

“మనిషికి పది చేపలే. ఇందులో పద్దెనిమిదున్నాయి. ఎవరికి అమ్ముతున్నావ్?”

“అమ్మడమేంటయ్యా? నడవలేనోళ్లకి ఇస్తాను.”

“వాళ్లనే వచ్చి పట్టుకోమను.”

అని బకెట్టును బూటుకాలితో తన్నాడు. చేపలు ఇసుకలో పడి కొట్టుకున్నాయి. గాలం లాక్కున్నాడు. “ఇది రెండో కేసు. మూడోది పడితే జైలే,” అన్నాడు.

అదే పూట అవతలి రేవులో బోట్ల క్లబ్బువాళ్ల బ్రీమ్ పోటీ. పళ్ల డాక్టర్లూ స్థలాల బ్రోకర్లూ ఒళ్లంతా జేబులున్న కోట్లు తొడుక్కుని వచ్చారు. చేపను పట్టడం, తూకం వేయడం, ముద్దు పెట్టుకుని ఫొటో దిగడం, మళ్లీ నీళ్లలోకి విసరడం. అదీ వాళ్ల ఘనకార్యం. విసిరినవాటిలో సగం పొట్ట పైకి తేలి మా ఒడ్డుకే కొట్టుకొచ్చాయి. ఆడుకునేవాడికి కప్పు, తినేవాడికి కేసు. ఆ కప్పు అందించింది ఎవరనుకున్నారు? ఆ ఇన్‌స్పెక్టరే. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

బుధవారం కాలనీ హాల్లో మీటింగు పెట్టాం. కౌన్సిల్ పెద్ద మెర్విన్ మామ గొంతు సవరించుకున్నాడు.

“కొన్నాళ్లు గాలాలు ఆపండర్రా. మన చేపల హక్కు కోసం లాయరు అర్జీ పెట్టాడుగా.”

“పెట్టి ఎన్నేళ్లయింది మామా?” అన్నాను.

“నాలుగు.”

“అయితే ఆ అర్జీనే నిప్పుల మీద కాల్చుకు తిందాం. ఉప్పు నేను తెస్తాను.”

హాలంతా గొల్లున నవ్వింది. డార్సీ భార్య రొవీనా ఒక్కతే నవ్వలేదు.

“నవ్వండి, బాగా నవ్వండి. చేపలు అందరూ తిన్నారు. మొన్న మొదటి కేసుకి కోర్టు మెట్లెక్కినప్పుడు మా ఆయన పక్కన ఎవరున్నారు? రేపు జైలుకైనా ఆయనొక్కడేగా పోయేది?”

ఆమె అన్నది నిజం. వాటా తీసుకోవడం నేర్చుకున్నాం గానీ, దెబ్బలోనూ వాటా ఉంటుందని మాకు తట్టలేదు. సిగ్గుతో నా తల వాలిపోయింది.

వెనకనుంచి నోరీన్ అవ్వ కుర్చీ కిర్రుమంది.

“తిన్నది నేను. కేసు వాడి మీదా? నన్ను నీళ్లదాకా తోసుకెళ్లండర్రా. ఆ ఇన్‌స్పెక్టర్ కుర్రాడికి నేను చెబుతాను.”

మరుసటి ఆదివారం క్లబ్బువాళ్ల ఫైనల్ పోటీ. మేం అరవై మందిమి ఒడ్డుకు చేరాం. ముసలివాళ్లను కుర్చీల్లో తోశాం, కుర్చీ లేనివాళ్లను వీపున మోశాం. తుమ్మకట్టెలతో నిప్పులు చేశాం. డార్సీ బావ పట్టిన చేపను పట్టినట్టే తెచ్చి వాళ్ల ఒళ్లో వేశాడు. బ్రీమ్‌ను మేం గీకం, కోయం. పొలుసులతోనే నిప్పుల్లో పడేస్తాం. మాడిన పొలుసు డిప్పలా ఊడి వస్తుంది, లోపల తెల్లటి కండ ఆవిరి కక్కుతూ ఉంటుంది.

ఇన్‌స్పెక్టర్ ఇద్దరు పోలీసులతో వ్యాను దిగి పరుగెత్తుకొచ్చాడు. పట్టిన చేపలన్నీ అప్పటికే కడుపుల్లోకి పోయాయి. ఆ మేధావి ఏం చేశాడో తెలుసా? మాడిన పొలుసు డిప్పల్ని ఏరి, సాక్ష్యమని సంచిలో వేసుకున్నాడు! అవ్వ చేప తలను తీరిగ్గా చీకి, మిగిలిన కన్ను తీసి అతని పలక మీద పెట్టింది.

“ఇదొక్కటే మిగిలింది బాబూ. కొలుచుకో.”

అతని మొహం కందగడ్డయింది. “ఈ చేప ఎవరు పట్టారు?”

“నేనే,” అంది అవ్వ.

“నువ్వా? దేంతో?”

అవ్వ డార్సీ బావ చేతులు పట్టుకుని పైకెత్తింది. “వీటితో. నా కాళ్లు పడిపోయి ఆరేళ్లయింది. అప్పట్నుంచీ ఇవే నా చేతులు. వీటికి బేడీలు వేస్తే నాతో సహా వెయ్యి.”

“నాకూ అవే చేతులు,” అంది పక్క కుర్చీలోని ముసలామె. “నాకూ,” అన్నాడు ఇంకో తాత. వరసగా అందరూ అన్నారు. చివరికి మెర్విన్ మామ కూడా ముందుకొచ్చి, “నాకూ పట్టిపెట్టాడు. నా పేరు రాసుకో,” అన్నాడు.

డార్సీ బావ ఒక మణికట్టుకు బేడీ పడింది. అవ్వ తన చేతిని రెండో బేడీ దగ్గర పెట్టింది. “ఎక్కించు మరి,” అంది. ఇన్‌స్పెక్టర్ వ్యాను తలుపు వంక చూశాడు, కుర్చీ వంక చూశాడు. ఆ తలుపులో ఆ కుర్చీ పట్టదు. క్లబ్బు పడవలన్నీ పోటీ మానేసి మమ్మల్నే చూస్తున్నాయి.

అతని వెనక రొవీనా మొదటి గాలం విసిరింది. రెండోది నేను విసిరాను. తర్వాత ఎన్ని గాలాలు నీళ్లలో పడ్డాయో చూసుకునే తీరిక ఎవరికీ లేదు.

ఆ పూట పదకొండు మందిని పట్టుకెళ్లారు. డార్సీ బావా నేనూ అందులో ఉన్నాం. రొవీనా వంతు రాకముందే వ్యాను నిండిపోయింది. వ్యాను కదలబోతుంటే, దానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్న నోరీన్ అవ్వ కేక వినిపించింది.

“రొవీనా! నిప్పులు ఆరనివ్వకే. ఈ బాబు ఇంకా చాలామందిని మొయ్యాలి. మధ్యలో ఆకలేస్తుంది పాపం!”