ఖాళీ గది చప్పుడు

ఎవరికీ పెద్దగా తెలియకుండానే కన్నుమూసిన ఓ భౌతిక శాస్త్రవేత్త మీద డాక్యుమెంటరీ తీస్తున్నాం. ఆఖరి షూటింగ్ ఆయన ఇంట్లోనే. శిష్యులు పొద్దుటి నుంచీ క్వాంటం సిద్ధాంతంతో ఊదరగొట్టారు. మా డైరెక్టర్ మహానుభావుడు శాస్త్రవేత్త భార్యను మాత్రం ఒక్క ప్రశ్నా అడగలేదు. భర్త ఫొటో చేతికిచ్చి కూర్చోబెట్టాడంతే.

చివర్లో, ఎడిటింగ్‌లో మాటల మధ్య అతికించడానికి ఖాళీ గది చప్పుడు రికార్డు చేయాలి. ఆ సౌండ్ పని నాది.

"అమ్మా, ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకూడదు," అన్నాను.

ఆవిడ ఫొటోను ఒళ్లో బోర్లించింది.

"ఆయన లెక్కలు చేసుకుంటుంటే నోరెత్తకూడదు బాబూ. పెళ్లయినప్పటి నుంచీ నాకదే పని. ఇంకో నిమిషం ఎంతలే!"

హెడ్‌ఫోన్స్‌లో గోడ గడియారం, ఆవిడ ఊపిరి వినిపించాయి. రికార్డింగ్ ఆపాను.

"ఇక మాట్లాడొచ్చమ్మా."

ఆవిడ చుట్టూ చూసింది.

"ఎవరితో?" అంది.