మిద్దె మీద ఆరిన పొర

ఏప్రిల్ వచ్చిందంటే మునిలక్ష్మి కంట తడిగా ఉన్నదేదీ పడకూడదు. పడితే అది మిద్దె ఎక్కుతుంది. మిరపకాయలు, చింతపండు, సగ్గుబియ్యం వడియాలు సరే, ఒక ఏడు కొడుకు ధనుంజయ ఆఫీసు బూట్లు కూడా ఎక్కి, రెండు సైజులు తగ్గి దిగాయి. పుంగనూరులో ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నవనీతకు ఇదంతా తెలియంది కాదు. తెలిసీ స్టీలు డబ్బాను ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక దాచి, ఎవరికీ చెప్పకుండా రిపోర్టు బైండింగుకు బజారుకెళ్లింది.

డబ్బాలో ఉన్నది అరచేతి వెడల్పు పొర. పాలమీగడ రంగు, పలచన, తడి గుడ్డలో చుట్టి ఉంది. పెళ్లినాడు ఆపేసిన ఎమ్మెస్సీని పిల్లలు హైస్కూలుకొచ్చాక మళ్లీ పట్టుకుని, మదనపల్లె కాలేజీ ల్యాబులో నెలల తరబడి పోసిన పొరల్లో చిరగకుండా మిగిలింది ఇదొక్కటే. మర్నాడు కుప్పం యూనివర్సిటీలో ఇంటర్వ్యూ. పొరకు ఒకవైపు హైడ్రోజన్, రెండోవైపు గాలి తగిలితే, హైడ్రోజన్‌లోని ప్రోటాన్లు పొరలోంచి దాటాలి, ఎలక్ట్రాన్లు తీగలోంచి చుట్టు తిరిగి వచ్చి బుల్లి ఫ్యానును తిప్పాలి. ఫ్యాను తిరిగితే పరిశోధనకు సీటు. తిరక్కపోతే వడియాలు.

బజారు నుంచి వచ్చి చూస్తే డబ్బా బోర్లించి ఉంది. నవనీత మెట్లెక్కింది. పాత చీర మీద వడియాల వరస చివర, నాలుగంచులూ పైకి లేచి, పొర గలగలలాడుతోంది.

“ఇదేందత్తా, ఈడ పెట్టినావు?”

“నువ్వు జేసి మరిసిపోయిన అప్పడమే గదా. ఫ్రిజ్జులో ముక్కిపోతాండాది. సదువు ధ్యాసలో ఉండావని నేనే ఆరేసినా.”

“ఈ మూలేమైంది?”

“రవ్వంత తుంచి నూనెలో ఏసి సూసినా. పొంగలేదు. ఉప్పు కూడా లేదు. నీ చెయ్యి ఎప్పుడూ సప్పనే గదమ్మా.”

నవనీత కాలే మిద్దె మీద చతికిలబడింది. కాసేపటికి ఆ చివరి మాట చెవికెక్కింది.

“అత్తా, నువ్వు పైన ఉప్పు సల్లలేదు గదా?”

“యాల సల్లుతా? నువ్వేసే ఉంటావనుకుంటి.”

నవనీత ఊపిరి తీసుకుంది. పొరలోని ఆమ్లం దగ్గర ప్రోటాన్లకు కూర్చునే చోట్లుంటాయి. ఉప్పు తగిలితే అందులోని సోడియం వచ్చి ఆ చోట్లలో కూర్చుంటుంది, మనం లెమ్మంటే లేవదు. ఎండ అంత చెడ్డది కాదు. అది నీళ్లను మాత్రమే తీసుకుపోయింది. నీళ్లు లేకపోతే ప్రోటాన్‌కు దారి లేదు. నీళ్లు తిరిగొస్తే దారీ రావచ్చు. రాకపోనూ వచ్చు.

అది అప్పడం కాదని, రేపు కుప్పం తీసుకెళ్లేదని నవనీత చెప్పేసరికి, మునిలక్ష్మి పాపం తనదేనని తెలిసి బోరు నీళ్లు చెంబుతో తెచ్చేసింది.

“ఆ నీళ్లు వద్దత్తా. మన కాఫీ గిన్నెలో తెల్లగా పేరుకుంటాది సూడు, అది దీంట్లోకీ పోతాది.”

బస్టాండు పక్క మోసిన్ బ్యాటరీల అంగడిలో డిస్టిల్డ్ వాటరు ఉంటుంది. నవనీత వెళ్లి అడిగితే మోసిన్ క్యాను తీసి, “ఏ బండికక్కా?” అన్నాడు.

“అప్పడానికి.”

మోసిన్ మూత బిగించి ఇచ్చాడు. ఈ ఎండల్లో మనుషుల్ని రెండో ప్రశ్న అడక్కూడదని అతని పద్ధతి.

సాయంత్రానికి పొర మెత్తబడింది. ముడతలు మాత్రం పోలేదు. పని చేస్తుందో లేదో చూడ్డానికి ఇంట్లో మిక్సీ తప్ప యంత్రం లేదు.

పొద్దున్నే కుప్పం బస్సుకు మునిలక్ష్మి కూడా తయారైంది. “ఆరేసింది నేను. మోసేదీ నేనే.” ఒళ్లో డబ్బా పట్టుకుని, ఎవరి మోచెయ్యి తగిలినా కళ్లతోనే తోసింది.

పలమనేరు దాటాక వెనక సీట్లో పసిబిడ్డ నీళ్లకు ఏడుపందుకుంది. బస్సులో కాలు కదిపే సందు లేదు. డ్రైవరు వెనకామె తన సీసా వెనక్కందించింది. అందుకున్నామె దాన్ని ఒళ్లో పెట్టుకుని, చేతిలో ఉన్న తన సీసాను వెనక్కిచ్చింది. ఆ తర్వాతామె కూడా అంతే. మునిలక్ష్మి చేతికి ఎవరిదో ఎర్ర మూత సీసా వచ్చింది, ఆమె నీలం మూతది బిడ్డకు చేరింది.

“మనదెట్ట పోయింది?” అంది మునిలక్ష్మి.

“పోనీలేత్తా. బిడ్డ తాగినాడు గదా.”

అని నవనీత అలాగే నోరు తెరుచుకుని కూర్చుంది.

కుప్పంలో పొరను రెండు కార్బన్ పలకల మధ్య బిగించారు. ఇంటర్వ్యూ చేస్తున్న ఇద్దరిలో గీత మేడం అడిగారు: “ప్రోటాన్ ఇందులోంచి ఎలా వెళ్తుంది? పుస్తకంలో ఉన్నట్టు కాదు, మీ మాటల్లో.”

“బస్సులో నీళ్ల సీసా లాగా మేడం. ముందు సీటామె ఇచ్చిన సీసా చివరిదాకా పోదు. ఒక్కొక్కరూ ఒకటి అందుకుని తమది అందిస్తారు. పొరలో నీటి అణువులు కూడా అంతే. ఈ పక్క చేరిన ప్రోటాన్ ఒకటి, ఆ పక్క దిగేది ఇంకొకటి. ఎవరూ సీటు వదలక్కర్లేదు. కాకపోతే మధ్యలో మనుషులుండాలి. అంటే, నీళ్లు.”

గీత మేడం నవ్వు ఆపుకున్నారు. గ్యాసు తెరిచారు. ఫ్యాను తిరగలేదు.

మేడం పక్కనున్న సుబ్రమణ్యం సారు వాచీ చూసుకున్నారు. నవనీత బిగించిన పలకల వైపు వంగి చూసింది. మధ్యలో ఒకరిద్దరు ఇంకా సీట్లకు రాలేదేమో.

“సార్, గ్యాసును గోరువెచ్చటి నీళ్లలోంచి పంపిస్తే? తడి తగలాల.”

గ్యాసు గొట్టాన్ని గోరువెచ్చటి నీళ్ల సీసాలోంచి మళ్లించారు. నీళ్లలో బుడగలు లేచాయి. ఫ్యాను రెక్క వణికింది, ఆగింది, సగం తిరిగింది, ఆలోచించింది. తర్వాత తిరగడం మొదలుపెట్టి, ఇక మానలేదు.

గుమ్మం దగ్గర మునిలక్ష్మి పక్కనున్న అటెండరుతో అంది: “ఇంతేనా? గాలే రాల్యా.”

సారు పలకలు విప్పి పొరను వెలుగుకు పెట్టి చూశారు. “మునుపటివి ఉబ్బి చిరిగాయన్నారు. ఇది నిలిచింది. ఈ మూల ఏమైంది?”

“వేడికి పరీక్షించాం సార్.”

“ఎంత వేడి? ఎందులో?”

“కొలవలేదు సార్. వేరుశనగ నూనెలో.”

గుమ్మం దగ్గర మునిలక్ష్మి సర్దుకుని నిలబడింది. సారు తల ఊపారు. “సరే. జూన్‌లో చేరండి. ముందు ఇలాంటివే రెండు చేయండి. ఒకటి ఎండలో పెట్టి తడపండి, ఇంకోటి అసలు ఎండబెట్టొద్దు. ఎండ వల్లే నిలిచిందా, అదృష్టమా తేలాలి. దీన్ని ఎండలో ఎంతసేపు పెట్టారు?”

నవనీత అత్త వైపు చూసింది.

“పక్కనుండే వడియాలు గలగలమనే దాకా సారూ.”

తిరుగు బస్సు వి.కోట దాటాక మునిలక్ష్మి తేల్చి చెప్పింది: “మిద్దె మీద తూర్పు పక్క నీకిస్తా. నా చీర మీద మాత్రం ఏసేది లేదు.”

“సరేత్తా.”

“రెండో దాన్ని, ఎండబెట్టకూడనిదాన్ని, నాకు కనపడకుండా పెట్టు. నన్ను నమ్మేదానికి లేదు.”