మన్నించినట్టే లెక్క

…షార్జాలో అయితే మొగుడు ఇంకొకావిడతో ఉంటే ఆరు నెలలకి తక్కువ కాకుండా జైలు, అదీ పెళ్లాం ఫిర్యాదు చేస్తేనే; చేసిన పెళ్లామే వద్దులెండి అంటే కేసూ ఉండదు, జైలూ ఉండదు. గోంగూర కాడలు తుంచుతూ హదస్సా ఆ ఆరు నెలల్ని పొద్దుట్నుంచి నాలుగోసారి మనసులో తిప్పి చూసుకుంటోంది. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్న అత్తగారు రోసమ్మ, తుంచిన ఆకులో వేళ్లు పెట్టి వెతికి ఒక కాడ పైకి తీసి చూపించింది. "ఇదిగో అమ్మాయ్, ఇట్టాంటివి ఉండనీకు. వాడికి నోట్లో పీచు తగిలితే తిండి సయించదు." షార్జాలో ఇన్నాళ్లూ వాడి నోట్లో పీచు తగలకుండా ఎవరు చూసుకున్నారో రోసమ్మకీ తెలుసు, హదస్సాకీ తెలుసు. తెలిసిన ఇద్దరూ ఒకే చేటలోంచి ఆకు ఏరుతున్నారు.

హదస్సా భర్త ఎరిక్ తెల్లవారుజామున విమానం దిగి వచ్చి పడగ్గదిలో నిద్రపోతున్నాడు. పదకొండింటికి తిరుమలగిరిలోని ఈ ఇంటి ముందు గదిలో ప్రార్థన కూడిక. పాస్టర్ ఏసురత్నం గారూ, స్త్రీల సమాజం వాళ్లూ వస్తారు. పాట, వాక్యం, ఆ పైన హదస్సా లేచి సాక్ష్యం చెప్పాలి. దేవుడు నా కుటుంబాన్ని బాగుచేశాడు, నా భర్తని నేను మన్నించాను అని. ఆ తర్వాత అందరికీ భోజనాలు. మన్నించడమూ ఆమె పనే, వంటా ఆమె పనే.

సంగతి బయటపడింది రోసమ్మ వల్లే. షార్జాలో ఎరిక్ వెళ్లే తెలుగు సంఘం వాళ్లు శుక్రవారం ఆరాధనని యూట్యూబ్‌లో లైవ్ పెడతారు. కొడుకు కనబడతాడేమోనని ప్రతి శుక్రవారం టీవీలో అది పెట్టించుకునేది. అక్కడ మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. వెనక వరసల్లో మాత్రం భార్యాభర్తలు కలిసి కూర్చుంటారు. మార్చిలో ఒక శుక్రవారం కెమెరా ఆ వెనక వరసల మీదుగా తిరిగింది. ఎరిక్ పక్కన ఆకుపచ్చ చీరలో ఒకావిడ. పాట నంబరు చెప్పగానే ఆవిడ పుస్తకం తెరిచి, పేజీ చూసి, అతని చేతిలో పెట్టింది. అతను ఆవిడ వైపు చూడనైనా చూడలేదు, చెయ్యి చాపాడంతే. ఆ చూడకపోవడమే హదస్సాకి అంతా చెప్పేసింది. కొత్తవాళ్లు ఒకరినొకరు చూసుకుంటారు. చూడకుండా చెయ్యి చాపాలంటే ఏళ్లు పడతాయి. ఫోనుకి తాళం వేసుకున్నాడు, వీడియో కాల్‌లో గోడ తప్ప గది కనపడనిచ్చేవాడు కాదు. దేవుడి దగ్గర మాత్రం దాక్కోవాలని తట్టలేదు అతనికి.

రోసమ్మ రిమోట్ తీసుకుని టీవీ కట్టేసింది. "కరెంటు ఊరికే కాలిపోతంది" అంది. తర్వాత ఏ శుక్రవారమూ లైవ్ పెట్టమనలేదు. అడగ్గా అడగ్గా ఒకసారి, వాడు మగాడమ్మా, ఎన్నాళ్లని ఒంటి కూడు తింటాడు అంది. ఎరిక్ కూడా ఫోన్లో ముందు కోప్పడి, తర్వాత ఏడ్చి, ఒంటరితనం అన్నాడు. హదస్సాకి నవ్వొచ్చింది. అతను షార్జా వెళ్లిన ఈ తొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున్నే అతని తల్లికి ఇన్సులిన్ పొడిచి, ఆఫీసుకి పరిగెత్తి, కూతురు క్యారల్‌ని ఒక్కతే పెంచి కాలేజీ హాస్టల్లో దింపి వచ్చిన మనిషికి, ఆ మాట తనూ వాడుకోవచ్చని ఏనాడూ తోచలేదు.

ఆమె రాంగోపాల్‌పేట్‌లో అనుపమ అనే వకీలు దగ్గర టైపిస్టు. పదకొండేళ్లుగా విడాకుల పిటిషన్లు కొడుతోంది. 'పిటిషనర్ భార్యగా తన బాధ్యతలన్నీ సక్రమంగా నిర్వర్తించినది' అన్న వాక్యం చూడకుండా కొట్టగలదు. జూనియర్లకి ఆమె టైపింగ్ ఆంటీ. టీ కప్పులు కడగడం కూడా టైపింగ్ కిందే వస్తుంది. తన సంగతి అడగడానికి ఆమెకి రెండు నెలలు పట్టింది. అప్పుడు కూడా ఎవరో క్లయింట్ కోసం అడుగుతున్నట్టు అడిగింది. అనుపమ కాగితాల్లోంచి తలెత్తకుండానే, "ఆ క్లయింట్ నువ్వేనా?" అంది.

తర్వాత కుర్చీ చూపించింది. ఇక్కడ వ్యభిచారం నేరం కాదిప్పుడు, రెండు వేల పద్దెనిమిదిలో కోర్టు ఆ సెక్షన్ కొట్టేసింది అని చెప్పింది. నేరంగా ఉన్న రోజుల్లో కూడా పెళ్లానికి కేసు పెట్టే దారి లేదట; మొగుడే ఇంకో మగాడి మీద పెట్టాలి, తన వస్తువు ముట్టుకున్నాడని. విడాకులకైతే దారి ఉంది. రెండు వేల ఒకటి దాకా క్రైస్తవ భార్యకి మొగుడి వ్యభిచారం ఒక్కటీ చాలేది కాదు, దాంతోపాటు కొట్టాడనో వదిలేశాడనో చూపించాల్సి వచ్చేది. ఇప్పుడా మెలిక లేదు. ఇంగ్లండులో తప్పెవరిదని కోర్టు అడగనే అడగదు. ఫిలిప్పీన్స్‌లో భార్య ఒక్కసారి తప్పినా నేరమే. మొగుడైతే ఆ మనిషితో కాపురం పెట్టాలి, లేదా ఊరంతా అల్లరి కావాలి. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో మొగుడి మనసు విరిచిందని ఆ రెండో ఆవిడ మీద దావా వెయ్యొచ్చు. షార్జాలో ఫిర్యాదు చేస్తే జైలు.

"నీకు ఏ దేశం కావాల్నో చెప్పు" అని నవ్వింది అనుపమ. అంతలోనే నవ్వు ఆపింది. "జెర జాగ్రత్త, హదస్సా. తెలిసినంక సుత మళ్ల కాపురం చేస్తే కోర్టు మన్నించినట్టే లెక్క కడతది, ఇగ విడాకులు ఇయ్యదు. ఒక్క రాత్రికి ఆడది మన్నించినట్టు కాదని కొందరు జడ్జిలు అన్నరు. గానీ నువ్వు పదిమంది ముంగట లేచి మన్నించిన అని చెప్తివనుకో, అవతలి వకీలు ఊకుంటడా? ఆ పదిమందిని బోనెక్కిస్తడు."

"నిజంగా మన్నించకపోయినా?"

"లోపల ఏమున్నదో కోర్టుకు ఎట్ల కనవడతది?"

ఆ మాటే వారం రోజులుగా ఆమెలో తిరుగుతోంది. ఇన్ని దేశాలూ ఎరిక్‌ని ఏం చెయ్యాలో ఆలోచించి పెట్టాయి. హదస్సాకి ఏం కావాలో ఏ దేశమూ అడగలేదు. అడిగితే మాత్రం ఆమెకి తెలుసా? మూడు రోజుల పాటు షార్జా జైలుని ఊహించుకుని హాయిగా నిద్రపోయింది. ఇనుప మంచం, గోధుమ రంగు దుప్పటి, గోడకేసి తిరిగి పడుకున్న ఎరిక్. నాలుగో రోజు ఆ ఊహని పరీక్షగా చూస్తే ఒక మూల తనూ కనబడింది. జైల్లో కారం లేని కూడు తినలేడని పచ్చడి సీసాకి పాలిథిన్ కవరు చుట్టి దారం కడుతోంది. ఆ రోజు ఆమెకి ఎరిక్ మీద కంటే ఆ దారం కట్టే మనిషి మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

పదింటికి ఎరిక్ లేచి స్నానం చేసి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. తల్లి అటు పోయేదాకా ఆగి, గొంతు తగ్గించాడు. "అందరి ముందు ఆ ఒక్క మాట అనేయ్. తర్వాత మనిద్దరం కూర్చుని మాట్లాడుకుందాం."

"మన్నించానని చెప్పాక ఇంకేం మాట్లాడుకుంటాం?"

అతను తువ్వాలుతో మళ్లీ తల తుడుచుకున్నాడు.

"ఆవిడ సంగతేంటి?" అంది హదస్సా.

"నేనుండేదే రెండు వారాలు. ఇప్పుడు ఆవిడ మాటెందుకు చెప్పు?"

పదకొండింటికి ముందు గది నిండింది. ఆడవాళ్లు చాపల మీద, పాస్టర్ గారూ ఎరిక్ కుర్చీల్లో. పాటలయ్యాయి, వాక్యమయింది. ఏసురత్నం గారు మంచాయన. సాక్ష్యానికి హదస్సాని పిలిచారు. ఆమె లేచి నిలబడింది. ఒక నిమిషం గడిచినా మాట రాకపోతే ఆయన అది కన్నీళ్లనుకున్నారు. "పర్లేదమ్మా, కూర్చో. నీ తరఫున నేనే ప్రార్థన చేస్తాను. నువ్వు ఆమేన్ అంటే చాలు."

ఆమె కూర్చుంది. ఆయన చెయ్యెత్తగానే అందరూ కళ్లు మూసుకున్నారు. ఆ ఇళ్లలో ప్రార్థన మధ్యలో ఎవరూ కదలరు. ఫోను మోగితే మోగుతుంది, పొయ్యి మీద కూర మాడితే మాడుతుంది, ఆమేన్ దాకా అంతే. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా హదస్సా ప్రార్థన మధ్యలో కళ్లు తెరవలేదు.

"ప్రభువా, ఈ నీ కుమార్తె తన భర్తను నిండు మనసుతో మన్నించింది…"

స్తోత్రం, స్తోత్రం అన్నారు ఆడవాళ్లు. అందరికంటే ముందు రోసమ్మ అంది.

హదస్సా కళ్లు తెరిచింది. వంచిన తలలు, ముసుగులు. ఎరిక్ తల కూడా వంచే ఉంది. ఆ మెడలో ఎక్కడా బరువు లేదు. ఆమె లోపల ఏముందో వేరొకరు నోటితో చెప్పేస్తున్నారు, పదిమంది వింటున్నారు. ఇంకో నాలుగు వాక్యాల్లో ఆమేన్ వస్తుంది, అది తన నోటితోనే వస్తుంది.

"లేదు" అంది.

పాస్టర్ గారి గొంతు అర వాక్యం దూరం తనంతట తనే నడిచి ఆగిపోయింది. ఒక్కొక్కరే కళ్లు తెరుస్తున్నారు. ఏదైనా పాట ఎత్తుకోమని రోసమ్మ పక్కావిడని మోచేత్తో పొడిచింది.

హదస్సా కూర్చున్న చోటు నుంచి లేవలేదు, గొంతు కూడా పెంచలేదు.

"నేను మన్నించలేదు, పాస్టర్ గారూ. ఆ మాట తీసేసి మళ్లీ మొదట్నుంచి చెయ్యండి."