అడుగు తరిగిన టేపు

కోదండరాం చెన్నై జార్జి టౌన్ సందులో చేతిబళ్ళను తప్పించుకుంటూ మిరపకాయల మండీ ముందు ఆగి తుమ్మాడు. ముప్పై ఏళ్ళుగా ఈ వీధుల్లో ఇళ్ళు కొలుస్తున్నా ఆ ఘాటు అలవాటు కాలేదు. పొడుగు మనిషి, మెడ ముందుకు వంగింది, చొక్కా జేబు సిరా మరకలతో నీలంగా మారింది. వెనకాలే వస్తున్న సునయన తుమ్మలేదు. దానికీ ఆయనకు ఒళ్ళు మండింది.

ఈ గుంటూరు పిల్ల ఐదేళ్ళు ఆయన వెంట తిరిగి పని నేర్చుకుంది. మొన్ననే పరీక్ష గట్టెక్కి, బ్యాంకు అప్పులకు ఇళ్ళ విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యుయర్ అయింది. యజమాని శివరామ్ వాషర్‌మెన్‌పేట్ ఆఫీసు ఆమెకు అప్పగించి ఇంటిపట్టున కూర్చున్నాడు. కోదండరాం కూడా పరీక్షకు దరఖాస్తు పట్టుకుని వెళ్ళినవాడే. డిగ్రీ ఉంటేనే అనుభవం లెక్కకొస్తుంది, డిప్లొమా చాలదని తిప్పి పంపారు. కొలిచేది తను, సంతకం ఇంకొకరిది. శివరామ్ హయాంలోనూ అంతే, కానీ ఆయన పెద్దవాడు. ఈ పిల్ల సంతకం మాత్రం కంట్లో నలుసయింది.

ఇవాళ కొలవాల్సింది ఆ మండీ మేడే. పైకెక్కగానే సునయన లేజరు మీటరు చార్జి లేక ఆరిపోయింది.

"బాబాయ్ గారూ, మీ టేపు ఇస్తారా? నేను చదువుతాను, మీరు రాయండి."

ఆ టేపుకు మొదటి అడుగు లేదు. ఎప్పుడో తలుపు సందున పడి తెగితే, ఒకటో అడుగు దగ్గరే కొక్కెం బిగించుకున్నాడు. చదివినదాంట్లో అడుగు తీసేసి రాయడం ఆయన వాడుక. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పకుండానే టేపు ఇచ్చాడు.

"పద్నాలుగు," అంది సునయన.

పదమూడని తెలిసే పద్నాలుగు రాశాడు. గది గదికీ అడుగు పెరుగుతుంటే పాయసం తాగినట్టుంది ఆయనకు. ఆమె సంతకంతో బ్యాంకుకు వెళ్ళే మొదటి నివేదిక ఇది. తప్పని తేలితే బ్యాంకు తన జాబితాలోంచి ఆమె పేరు కొట్టేస్తుంది, లైసెన్సుకే ముప్పు. చెప్పేద్దామని ఒకసారి నోరు తెరిచాడు కూడా. ఇంతలో మండీ యజమాని ఇల్లాలు వాసవాంబ మజ్జిగ తెచ్చి, "ఇంత చిన్నదానివి, ఎంత పెద్ద పనిలో ఉండావమ్మా!" అని మొదటి గ్లాసు సునయనకు అందించింది. ఆయన నోరు మూసుకున్నాడు.

సాయంత్రం ఆఫీసులో సునయన సంతకం పెట్టేదాకా కళ్ళార్పకుండా చూశాడు.

"బాబాయ్ గారూ, ఇవాళ అడుగు తీయడం మర్చిపోయారు. నేను తీసేశాను లెండి."

"నీకెట్లా తెలుసమ్మా?"

"చేరిన కొత్తలోనే చూశాను. మీరు చదివేదొకటి, రాసేదొకటి. అడిగితే నొచ్చుకుంటారని ఊరుకున్నా." గొంతు తగ్గించింది. "ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. ఇకనుంచి ఎండలో తిరగొద్దు, ఆఫీసులోనే కూర్చోండి."

మరుపు కాదు, కావాలనే చేశానని నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ద్రోహి, అనకపోతే పనికిరానివాడు.

"ఔనమ్మా, మరిచిపొయినా. వయసైపొయిందే, ఏం జేసేది."

రోజూలాగే టీ గ్లాసు కడిగి బోర్లించాడు. మూల కుర్చీలో కూర్చుని చాలాసేపు టేపు తుడిచాడు.

"టేపు ఈడ పెట్టినా. పొయ్యొస్తా," అన్నాడు. సునయన తలెత్తకుండానే సరేనంది.

మర్నాడు ఆయన రాలేదు. ఫోను చేస్తే భార్య దమయంతి తీసి, "ఇంక రారంటమ్మా" అంది.

బల్ల మీద టేపు ఉంది. కొక్కెం పక్కన తెల్ల ప్లాస్టరు చుట్టి, దానిమీద ఆయన కోడిగీతల్లో రాసి ఉంది: అడుగు తీసి రాయవలెను.