గేటు వెయ్యని దొర

ఆ సంస్థకు మూడేళ్ళుగా అధిపతి లేడు. లేడంటే కుర్చీ ఖాళీగా ఉందని కాదు, ఒకే కుర్చీ కోసం ఇద్దరు కొట్టుకుంటున్నారని. అమెరికాలో పడమటి వైపున్న ప్రభుత్వ భూములు, వాటి మీది గడ్డి, కింది గనులు, నీటి ఊటలు అన్నీ ఆ సంస్థ చేతిలోవే. దానికి అధిపతి కావాలంటే వాషింగ్టన్‌లో సెనేట్ ఒప్పుకోవాలి. వెల్డన్ స్ట్రౌడ్ పేరు సెనేట్ ముందు పెడితే ఓడిపోతాడని పెద్దలకు తెలుసు. అందుకని పెట్టనే లేదు. 'తాత్కాలికం' అని ఒక ముసుగు తగిలించి కూర్చోబెట్టారు. అది చెల్లదని ఒక జడ్జి తీర్పు చెప్పగానే, ఉపాధిపతి హారియెట్ నైగార్డ్ "అయితే చట్టప్రకారం ఆ కుర్చీ నాది" అంది. స్ట్రౌడ్ పై కోర్టుకు వెళ్ళాడు. కుర్చీ మాత్రం దిగలేదు. సిగ్గున్నవాడైతే కదా దిగడానికి!

ఆ సంస్థకు నెవాడాలో ఉన్న డ్రై ఫోర్క్ ఆఫీసుకు అధికారి వెర్నా హాస్కెల్. పొద్దున్నే కంప్యూటర్ తెరవాలంటే ఆమెకు ఒళ్ళు మండేది. స్ట్రౌడ్ పంపిన ఉత్తర్వు ఒకటి, దాన్ని పాటించొద్దని నైగార్డ్ పంపిన ఉత్తర్వు ఇంకొకటి పక్కపక్కనే కూర్చుని ఉండేవి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇద్దరిలో ఎవరికీ డ్రై ఫోర్క్ ఏ దిక్కునుందో తెలియదు. ఆమె మాత్రం అక్కడే తల నెరిసిన మనిషి. భర్తను అక్కడే పాతిపెట్టింది. ఆ ఉద్యోగం తప్ప ఇంకొకటి చెయ్యాలని ఏనాడూ అనుకోలేదు.

ఆ వసంతంలో గొడవంతా కాలికో కొండ మీది బయలు గురించి వచ్చింది. మంచు కరగ్గానే అక్కడ గడ్డి కంటే ముందు నీలిపూల మొక్క లేస్తుంది. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, ఆవు నాలుగు కబళాలు మేసిందంటే కాళ్ళు వణికి కూలబడి చస్తుంది. ఆ మొక్క ఎండిపోయేదాకా బయలు గేటుకు గొలుసు ఉండాల్సిందే. ఎప్పుడు తియ్యాలన్నది అక్కడ కాగితం మీద తేల్చరు. ఆఫీసు మనిషి, పశువుల ఆసాములు కలిసి గుర్రాల మీద పైకి వెళతారు. తలా ఒకచోట దిగి గడ్డి పట్టుకుని లాగుతారు. వేళ్ళతో సహా ఊడివస్తే గడ్డి ఇంకా లేతదని మారుమాట లేకుండా వెనక్కి తిరుగుతారు. పోచ తెగి, నీలిపూలు కూడా రాలిపోయి ఉంటే గేటు తీస్తారు. ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆసాములు కూడా ఆ ఒక్క రోజు పక్కపక్కన గుర్రాలు నడిపేవాళ్ళు.

స్ట్రౌడ్‌కు ఇవేవీ పట్టలేదు. కోర్టులో కేసు నడుస్తుండగా తానే అధిపతినని లోకానికి చూపించుకోవాలి. గురువారం స్వయంగా వచ్చి, టీవీ వాళ్ళ ముందు కాలికో గేటు తెరుస్తానని ప్రకటించాడు. అప్పటికి ఇంకా మే నెల మొదటి వారమే.

సోమవారం పొద్దున వెర్నా, ఉపాధిపతి నైగార్డ్‌కు ఫోన్ చేసింది.

"మేడమ్, పైన నీలిపూలు విరగబూసి ఉన్నాయి. ఇప్పుడు గేటు తీస్తే ఆవులు చస్తాయి. మీరు ఆపండి."

"చూడండి వెర్నా గారూ, పదిహేను రోజుల్లో నా కేసు వాదనకొస్తోంది. ఇప్పుడు నేను కలగజేసుకుంటే రాజకీయం చేస్తున్నానంటారు. కాస్త ఓపిక పట్టండి."

"ఓపిక నేను పడతానండీ. ఆవులు పట్టవు."

ఆవిడ ఇంకేదో మీటింగుందని పెట్టేసింది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది వీళ్ళ వరస అని వెర్నా ఫోన్ బల్ల మీద విసిరికొట్టింది.

మధ్యాహ్నం గ్రేషియన్ ఉర్రుతియా వచ్చాడు. గేటుకు ఈవలి పొలం అతనిదే, ఆవులు అతనివే. అతని తాత ఐరోపాలోని బాస్క్ సీమ నుంచి గొర్రెలు కాయడానికి వచ్చాడు. ఇతను స్ట్రౌడ్ మనిషి. టోపీ తీసి కౌంటర్ మీద పెట్టి నవ్వాడు.

"ఏం వెర్నా, దొరగారొస్తుంటే మొహం అలా మాడ్చుకున్నావేం?"

"దొరో కాదో కోర్టే ఇంకా తేల్చలేదు. నువ్వు అప్పుడే హారతి పట్టేస్తున్నావు."

"పడతాను. నీ ఆఫీసు నా మెడకి తాడేసి ఎన్నేళ్ళు లాగింది? ఒక్కడొచ్చాడు మావైపు మాట్లాడేవాడు."

"మాట్లాడనీ. గేటు ఎందుకు తియ్యడం? పైన ఏం పూసిందో నీకు తెలీదా?"

గ్రేషియన్ మొహం ఎర్రబడింది. "నాకు చెబుతావా నువ్వు? నాకు పళ్ళు రాకముందు నుంచీ తెలుసు ఆ మొక్క. ఒక్క ఆవుని కూడా పైకి తోలను. నువ్వూ నేనూ వెళ్ళి గడ్డి లాగి చూసేదాకా తోలను. వాళ్ళు ఫోటోలు తీసుకుంటారు, గేటేసి వస్తారు, మా ఇంట్లో భోజనం చేసి పోతారు. అంతే కదా!"

వెర్నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఆ పక్కల గేటు మూసి ఉంటే మూసే వెళతారు, తెరిచి ఉంటే తెరిచే వదులుతారు. పీకలదాకా తాగినవాడు కూడా జీపు దిగి, తూలుకుంటూ వెళ్ళి గొలుసు తగిలించి మరీ పోతాడు. పశువుల దొంగలు కూడా గేటు వేసి వెళ్ళారని ఊళ్ళో చెప్పుకుంటారు.

గురువారం స్ట్రౌడ్ కొత్త టోపీ పెట్టుకుని దిగాడు. వెంట కెమెరాలు, కార్లు, చేతికి మట్టంటని కుర్రవాళ్ళు. గ్రేషియన్ అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపి, భోజనాల ఏర్పాటు చూసుకోవాలని ఇంటికి వెళ్ళిపోయాడు. పొద్దున్నుంచీ అతని భార్య పెద్ద డేగిసాల్లో గొర్రెమాంసం, చిక్కుళ్ళు ఉడికిస్తోంది.

స్ట్రౌడ్ గొలుసులు కోసే పెద్ద కత్తెర తెప్పించాడు.

"సార్, తాళంచెవి నా దగ్గరుంది" అంది వెర్నా.

"తాళంచెవితో తీస్తే టీవీలో ఏం బాగుంటుందమ్మా?" అని నవ్వి, ప్రభుత్వం వేసిన గొలుసును ప్రభుత్వం మనిషే పటుక్కున కోశాడు. గేటు బార్లా తీసి, "ఈ నేల మీది! ఆఫీసుల్లో కూర్చునే వాళ్ళది కాదు!" అని అరిచాడు. కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు.

వెర్నా ఇక ఆగలేకపోయింది. "కోస్తే కోశారు. మీ పని అయ్యాక గేటు మళ్ళీ వెయ్యండి. లోపలున్నది విషం."

స్ట్రౌడ్ ఆమె వైపు తిరగలేదు, కెమెరా వైపు తిరిగాడు. "చూశారా? పువ్వులు చూపించి మనుషుల్ని భయపెట్టడం వీళ్ళకి అలవాటు. అధిపతి ఎవరో తెలియని వాళ్ళకి నా సంస్థలో చోటు లేదు. ఈ క్షణం నుంచి ఈవిడ ఈ ఆఫీసు అధికారి కాదు."

అతని సహాయకుడొకడు వచ్చి ట్రక్కు తాళాలు ఇమ్మని చెయ్యి చాపాడు. ఇన్నేళ్ళ ఉద్యోగం అంతమంది ముందు ఎంగిలాకులా ఎత్తి అవతల పారేశారు. వాళ్ళ కారెక్కి ఊళ్ళోకి వస్తున్నంతసేపూ ఆమె స్ట్రౌడ్‌ను బూతులు తిట్టుకుంటూనే ఉంది. గేటు గురించి మాత్రం మళ్ళీ తలచుకోలేదు. అక్కడ పాతికమంది ఉన్నారు, ఎవరో ఒకరు వేస్తారు. వెయ్యకుండా ఎవరైనా వెళతారా?

సాయంత్రం నైగార్డ్ నుంచి ఉత్తర్వు వచ్చింది: మిమ్మల్ని తీసెయ్యడం చెల్లదు, కొనసాగండి. కింద సంతకం, 'అధిపతి' అని.

పొద్దున్నే గ్రేషియన్ ఆమె తలుపు బాదాడు. తన ట్రక్కు ఎక్కించుకుని కొండ మీదికి తీసుకువెళ్ళాడు. గేటు బార్లా తెరిచే ఉంది. పచ్చదనం చూసి ఆవులు రాత్రే ఎక్కిపోయాయి. పల్లంవైపు తలలు వాలి, కడుపులు ఉబ్బి, ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. కొన్నిటి పక్కన దూడలు ఇంకా పొదుగులు కుమ్ముతున్నాయి. చచ్చినవి మందలో సగం దాకా ఉన్నాయి. గ్రేషియన్ ఒకదాని పక్కన కూలబడ్డాడు.

"వెయ్యలేదే... గేటు వెయ్యకుండా పోయారే! ఎలాంటి మనుషులే వీళ్ళు? నా ఇంట్లో నా అన్నం తిని పోయారు కదే!"

'నేను ముందే చెప్పానా' అనడానికి వెర్నాకు నోరు రాలేదు. తానూ ఆ గేటు వెయ్యకుండానే వచ్చింది.

గ్రేషియన్ స్ట్రౌడ్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. స్ట్రౌడ్ గారి హోదా కోర్టులో ఉంది, మేం ఏమీ చెప్పలేం అన్నారు. నైగార్డ్ ఆఫీసుకు చేశాడు. గేటు తీసింది స్ట్రౌడ్ గారు, వారినే అడగండి అన్నారు. ఆంబోతుల కొట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగినట్టు, నష్టం ఇతనిది, నవ్వులు వాళ్ళవి. టీవీల్లో చచ్చిన ఆవులు కనిపించాక గానీ సెనేట్ ఒక విచారణ అధికారిని పంపలేదు.

జూన్‌లో డ్రై ఫోర్క్ స్కూలు హాల్లో విచారణ జరిగింది. పేరు చెడిపోతుందన్న భయంతో స్ట్రౌడ్, నైగార్డ్ ఇద్దరూ వచ్చారు. ఊరు ఊరంతా వచ్చి గోడల వెంట నిలబడింది. విచారణ అధికారి ముసలాయన, మెల్లగా మాట్లాడతాడు.

"ఆ గురువారం నాడు ఈ సంస్థకి అధిపతి ఎవరు?"

మూడేళ్ళు ఆ మాట కోసం కోర్టుల చుట్టూ తిరిగిన ఇద్దరూ ఆ పూట నోరు విప్పలేదు. స్ట్రౌడ్ లాయరు లేచాడు. "జడ్జిగారి తీర్పు ప్రకారం మా క్లయింటు ఆ రోజు అధిపతి కారు. అతిథిగా వచ్చారంతే. అధిపతి కానివారు ఎవరినీ ఉద్యోగం నుంచి తియ్యలేరు. కాబట్టి ఆ గేటుకి బాధ్యత శ్రీమతి హాస్కెల్‌దే. ఆవిడ అధికారిగా ఉండగానే గేటు తెరిచి ఉండిపోయింది."

హాలంతా గోలెత్తింది. వెర్నాకు నెత్తురు తలకెక్కింది. కుర్చీ కోసం చచ్చేవాడు చచ్చిన ఆవుల్ని చూడగానే కుర్చీ తనది కాదంటాడా! తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డికి అన్నాడట.

"నైగార్డ్ గారూ, మరి మీరు?" అన్నాడు ముసలాయన.

"ఆ రోజుకి స్ట్రౌడ్ గారు ఇంకా కుర్చీలోనే ఉన్నారండీ. నా చేతిలో ఏమీ లేదు."

వెర్నా లేచి నిలబడింది. "ఆ సాయంత్రం నాకు అధిపతి అని సంతకం పెట్టి పంపింది ఎవరండీ, మీ అత్తగారా? సోమవారం ఫోన్ చేసి బతిమాలితే ఓపిక పట్టమన్నారు. మీతో తర్వాత మాట్లాడతాను." ఆమె స్ట్రౌడ్ వైపు తిరిగింది. "స్ట్రౌడ్ గారూ, మీ లాయరు చెప్పింది నాకు నచ్చింది. మీరు అధిపతి కాదు. దారిన పోయే మనిషి. దారిన పోయే మనిషి ప్రభుత్వం గొలుసు కోసి లోపలికెళితే మా ఊళ్ళో దాన్ని నేరమంటారు. టీవీలో దేశమంతా చూసింది. షెరీఫ్ అదిగో, ఆ తలుపు దగ్గరున్నాడు. ఇప్పుడు మీరే చెప్పండి. అధిపతా, నేరస్తుడా?"

లాయరు స్ట్రౌడ్ చొక్కా పట్టుకుని లాగాడు. స్ట్రౌడ్ షెరీఫ్ వైపు చూశాడు. వెనక నుంచి గ్రేషియన్ గొంతు వినిపించింది. "చెప్పవయ్యా! నా ఇంట్లో తిన్నప్పుడు బాగానే లేచింది నోరు!"

"నేనే" అన్నాడు స్ట్రౌడ్.

"వెనక వాళ్ళకి వినపడలేదండీ."

"ఆ రోజు అధిపతిని నేనే! గేటు నా అధికారంతో తీశాను!"

ముసలాయన రాసుకున్నాడు. రాసుకుని, కళ్ళజోడు తీసి, ఇబ్బందిగా వెర్నా వైపు చూశాడు. "అలాగైతే హాస్కెల్ గారూ, మిమ్మల్ని తీసేసింది కూడా..."

"చెల్లుతుంది. అడిగే ముందే తెలుసండి."

ఆమె మెడలోని గుర్తింపు కార్డు తీసి ఆయన ముందు పెట్టింది. ఇంకా తిట్టాల్సినవి చాలా మిగిలిపోయాయి. నైగార్డ్ పెదవుల మీద చిన్న నవ్వు చూసి ఆగింది. "నవ్వకండి మేడమ్. మీకూ ఆ కుర్చీకీ కలిపి ఒక దండం."

బయట గ్రేషియన్ పరుగెత్తుకొచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు. "పిచ్చిదానా, నోరు మూసుకుని ఉంటే నీ ఉద్యోగం నీకుండేది కదే!"

"ఉండేది. నీ ఆవుల్ని నేను చంపానని రాసేవాళ్ళు. నువ్వు కూడా కొన్నాళ్ళకి నమ్మేవాడివి."

గ్రేషియన్ టోపీ నేలకేసి కొట్టి, ఏడుస్తూ, తన భాషలో ఎవరినో శాపనార్థాలు పెట్టాడు.

మరుసటి వారం బయలు మీద గడ్డి ఎదిగింది, నీలిపూలు రాలిపోయాయి. ఆసాములు గుర్రాలకు జీన్లు వేసుకుని ఆఫీసు ముందుకొచ్చి నిలబడ్డారు. లోపల వెర్నా గదిలో ఎవరూ లేరు. ఆ గదిలోకి ఎవరిని పంపాలన్న దాని మీద వాషింగ్టన్‌లో ఇద్దరూ మళ్ళీ కోర్టుకెక్కారు.