ఆఖరి గంప

తన పెద్దకర్మ అయిన మర్నాటి నుంచీ ఏడుకొండలు పెరట్లో ఈతకొలను అడుగున కూర్చుంటున్నాడు. లోతు వైపు మూల, గోడకి వీపు ఆనించి. ఇది మూడో నెల. తిరపతమ్మ రోజూ పొద్దున్నే మొహం కడుక్కుని వచ్చి, గట్టు మీద గొంతుక్కూర్చుని, నీళ్ళలోకి వంగి మొగుణ్ణి పిలుస్తుంది.

“ఉన్నావా?”

ఆమె చేతిలో తాడుంది. దాని రెండో కొస ఆయన నడుముకుంది. నీళ్ళలోంచి ముందు ఒక దగ్గు వస్తుంది. తర్వాత తాడు ఒకసారి కిందికి గుంజుకుంటుంది.

ఒక గుంజు అంటే ఉన్నానని. రెండు గుంజులంటే పైకి లాగమని. బావుల్లో పూడిక తీసే వాళ్ళింట్లో పుట్టి, పూడిక తీసేవాణ్ణే కట్టుకున్న మనిషికి ఇది ఒకరు నేర్పాలా? పదహారో ఏట నుంచీ పల్నాటి బావుల గట్ల మీద కూర్చుని పట్టుకున్నది ఈ తాడే. ఆయన దిగేవాడు, ఈమె పిలిచేది. రెండో గుంజు వస్తేనే లాగేది.

ఈ మూడు నెలల్లో రెండో గుంజు ఒక్కసారి కూడా రాలేదు.

చిక్కల్లా పూడికతోనే. కొలనులో ఉన్నవి బోరు నీళ్ళు, అడుగున ఉన్నవి నీలం పలకలు. అయినా వారానికి రెండు వేళ్ళ మందాన ఒండ్రు దిగుతోంది. మొదటి నెలలో ఆయన పాదాలు మునిగాయి. రెండో నెలలో ఒడి మునిగింది. ఇప్పుడు రొమ్ము దాకా వచ్చింది. చేతులు లోపలే ఉన్నాయి కాబట్టి గుంజు పలచబడుతోంది. ఇట్టాగే వదిలేస్తే కార్తీకం వెళ్ళేలోగా నోరు మునుగుతుంది. కొలను కూడా ఊరుకోవడం లేదు. కట్టినప్పుడు ఎనిమిది అడుగులు. మొన్న గడకర్ర దింపితే పద్నాలుగు తేలింది.

“ఊరందరి బావుల్లో బురద తీశాడు మా తమ్ముడు. ఇవ్వాళ వాడి మీద బురద తీసే దిక్కు లేదు,” అంటుంది అవతలి గట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న ఆడబిడ్డ సాలమ్మ. “కట్టుకున్నదానివి గదా, దిగరాదంటే?”

“నేను దిగితే తాడెవరు పట్టుకుంటారొదినా? నువ్వు పట్టుకుంటావా?”

సాలమ్మ చేతిలో కాయ ఆపి ఆలోచిస్తుంది. “పట్టుకుంటా గానీ, పిలవడం నా వల్ల కాదు. నేను పిలిస్తే తిట్టినట్టుంటది. వాడు చిన్నప్పటి నుంచీ నాకు పలకడు.”

అదీ నిజమే. అందుకని తిరపతమ్మ మిషన్ల వాళ్ళకి కబురు పెట్టింది.

సోమవారం పొద్దున భుజంగరావు అనే ఆయన వ్యానులో మూడు మిషన్లు వేసుకుని వస్తాడు. యాభై దాటిన మనిషి. చొక్కా చేతుల గుండీలు పెట్టుకునే నీళ్ళలో చేతులు ముంచుతాడు. చేతులు తడవవు. ఒక పెద్ద అట్ట తెచ్చి బట్టలారేసే తీగకి క్లిప్పులతో తగిలిస్తాడు. దాని మీద గళ్ళు గీసి ఉన్నాయి. అడుగు, గోడలు, జల్లెడ, పట్టే టైము, మిగిలే మురికి.

“పోల్చకుండా ఏదీ కొనకూడదమ్మా,” అంటాడు. “మనుషుల్ని ఎటూ పోల్చుకోనివ్వరు. మిషన్లనన్నా పోల్చుకోవాలి.”

“మీ ఆవిడ్ని తలుచుకుంటే జాలేస్తంది నాయనా,” అంటుంది సాలమ్మ.

భుజంగరావు నవ్వడు. గట్టు మీద నుంచి అడుగుకి చూసి, అట్ట మీద రాసుకుంటాడు. ‘ఆటంకాలు: ఒకటి. కూర్చుని ఉన్నది.’

మొదటి మిషను తాబేలులా ఉంటుంది. తోకకి వైరుంది. నీళ్ళలో వదిలితే మునిగి, అడుగున దారి తెలియని కోడిపెట్టలా అటు కాసేపు ఇటు కాసేపు తిరుగుతుంది. గోడలెక్కదు. ఏడుకొండలు మోకాళ్ళకి రెండుసార్లు తగిలి, తప్పు చేసినట్టు వెనక్కి పోతుంది. మూడు గంటలకి పైకి తీసి బుట్ట విప్పితే ఒండ్రు, వేపాకు, ఒక చొక్కా గుండీ, ఏడుకొండలు దగ్గు వచ్చాయి.

దగ్గు ఎండుమిరప రంగులో, పిడికెడుంది. తిరపతమ్మ దాన్ని చేటలో పోసి ఎండలో పెడుతుంది. గాలి వీచినప్పుడల్లా దగ్గుతోంది.

“దీని జల్లెడ ముతక,” అంటాడు భుజంగరావు. “పెద్దవే వస్తాయి.”

పూడిక పొట్ట దాకా దిగింది. తిరపతమ్మ పిలుస్తుంది. తాడు ఒకసారి గుంజుకుంటుంది. ముందు దగ్గు రాదు. నలభై ఏళ్ళలో ఆయన దగ్గకుండా గుంజిన రోజు లేదు. ఎవరో ఇంటికొచ్చి, కాలింగ్ బెల్లు నొక్కినట్టుంది.

మంగళవారం రెండోది. దీనికి ఎండ్రకాయలా పక్కలకి చక్రాలు. గోడలెక్కుతుంది, అంచుల్లో బుర్ర పెట్టి గీకుతుంది, పోయిన దారిలో మళ్ళీ పోదు. పనిచేస్తూనే భుజంగరావు ఫోనులోకి కొలను పటం గీసి పంపుతోంది. పటంలో ప్రతి చోటా లోతు వేసింది. గట్టు మీద తిరపతమ్మ కూర్చున్న చోట కూడా వేసింది. పద్నాలుగడుగులు.

“నేను గట్టు మీదున్నా గదయ్యా?”

“మిషను ఊరికే వెయ్యదమ్మా,” అంటాడాయన మర్యాదగా.

సాయంత్రానికి అడుగు అద్దంలా ఉంది. గోడలు అన్నం తినే కంచంలా ఉన్నాయి. ఏడుకొండలు పలకల మీద, ఎక్కడా మట్టి చుక్క లేకుండా, తెల్లగా కూర్చుని ఉన్నాడు. ఆయన గుండా వెనక గోడ కనపడుతోంది. బుట్ట విప్పితే ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తటి ఒండ్రు. అందులోంచి ఒక పచ్చబొట్టు బయటికి తీస్తుంది తిరపతమ్మ. పెళ్ళయిన ఏడాది కోటప్పకొండ తిరనాళ్ళలో ఆయన మోచేతి మీద పొడిపించుకున్న ఆమె పేరు. అక్షరాలు విడిపోకుండా గొలుసులా వచ్చింది. నీళ్ళు కారుతున్నాయని దాన్ని తీగ మీద, అట్ట పక్కన ఆరేస్తుంది.

“ఉన్నావా?”

తాడు కదలదు. నీళ్ళలోంచి ఆయన తలెత్తి చూస్తాడు.

“ఎవరమ్మా మీరు?”

సాలమ్మ ఒళ్ళోంచి చిక్కుళ్ళు జారి నీళ్ళలో పడతాయి. “మీరా? నిన్నేందే, మీరంటన్నాడు?”

భుజంగరావు గళ్ళన్నిటిలో పదికి పది వేస్తాడు. “ఇదే తీసుకోండమ్మా. మచ్చ కూడా మిగల్లేదు.”

“అదేనయ్యా నా ఏడుపు,” అంటుంది తిరపతమ్మ.

మిషన్ల మనిషికి ఆఖరి గంప సంగతి తెలీదు. తెలిసిన వాళ్ళు ఊళ్ళో ఇద్దరే. ఒకరు పైనున్నారు, ఒకరు కిందున్నారు. బావిలో పూడిక ఎంత తీసినా ఆఖరి గంప తియ్యరు. ఒక మూల వదిలేసి వచ్చేస్తారు. ఆ గంపెడు బురద లేకపోతే ఊట తన దారి మర్చిపోతుంది.

ఏడుకొండలు ఇరవై ఏళ్ళు ఆ మాట తప్పలేదు. తర్వాత ఊళ్ళో కుళాయిలొచ్చాయి, స్థలాల ధరలు లేచాయి. పూడిక తీసిన చేతులతోనే బావులు పూడ్చే పని పట్టాడు. ముప్ఫై ఒక్క బావులు పూడ్చాడు. తర్వాత హోటళ్ళకి ఈతకొలనులు కట్టాడు. చివరికి తన పెరట్లో బావినే వెడల్పు చేసి తనకోటి కట్టుకున్నాడు. పలకలు అంటుకోవాలని బండ తగిలే దాకా గీకాడు.

“ఆఖరి గంప ఉంచయ్యా,” అంది తిరపతమ్మ ఆ రోజు పై నుంచి.

“పలకల కింద బురదేందే, పిచ్చిమొహమా! లాగు,” అని తాడు రెండుసార్లు గుంజాడు.

ఆమె లాగింది. ఆ గంప పైకి తెచ్చింది ఈ చేతులే.

బుధవారం భుజంగరావు వ్యాను తలుపులు మూయబోతుంటే, “ఆ మూడోదేందయ్యా?” అని అడుగుతుంది.

“అది చూపించడానికి తెచ్చిందమ్మా, అమ్మడానికి కాదు. బ్యాటరీ ముసలిది. గంటన్నరకి ఆయాసమొచ్చి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. మూలన కాస్త వదిలేస్తుంది. దాన్ని పక్కన పెడితే మిగతా రెండూ బాగుంటాయని తిప్పుతున్నా.”

“ఎంత వదిలేస్తుంది?”

భుజంగరావు సిగ్గుపడతాడు. “ఒక గంపెడు.”

తిరపతమ్మ లేచి కొంగు దోపుకుంటుంది. “వదులు దాన్ని.”

“కొలనులో మురికెక్కడుందమ్మా ఇప్పుడు?”

“పోల్చాలంటే మూడింటికీ ఒకటే మురికి ఉండాలా వద్దా?”

అట్ట కేసి చూస్తాడు. ఆ మాటకి ఎదురు చెప్పే గడి అందులో లేదు. “ఉండాలి,” అంటాడు.

రెండు బుట్టల ఒండ్రూ తిరిగి కొలనులో పోస్తుంది తిరపతమ్మ. చేటలోని దగ్గు కూడా పోస్తుంది. తీగ మీద నుంచి పచ్చబొట్టు తీసి, చీర మడిచినట్టు మడిచి, నీళ్ళలో జారవిడుస్తుంది. కాసేపటికి నీళ్ళు తేరుకునేసరికి ఆయన రొమ్ము దాకా పూడికలో ఉన్నాడు. ఆమెను చూసి దగ్గుతాడు. తాడు గుంజుకుంటుంది.

మూడో మిషనుకి పోలికేమీ లేదు. నీళ్ళలో దిగి, అలవాటైన ఇల్లు ఊడ్చినట్టు, తొందర లేకుండా ఊడుస్తుంది. గంటన్నరకి ఆయాసమొచ్చి ఆగిపోతుంది. నీళ్ళు తేటపడతాయి. మూలన ఏడుకొండలు లేడు. ఆయన కూర్చున్న చోట గంపెడు ఒండ్రుంది. తాడు కొస అందులోకి పోతోంది.

“ఉన్నావా?”

ఒండ్రు దగ్గుతుంది. తాడు ఒకసారి, గట్టిగా, గుంజుకుంటుంది.

“దీనికి రెండు మార్కులేనమ్మా,” అంటాడు భుజంగరావు.

“ఆ రెండే కావాల. దీన్నిచ్చి పో.”

అప్పుడు ఒండ్రు కింద నుంచి ఊట లేస్తుంది. పలకలు ఒక్కొక్కటే చేపపొలుసుల్లా ఊడి పైకి తేలతాయి. పలకలు ఊడేకొద్దీ కొలను నాలుగు మూలలూ లోపలికి ముడుచుకుని గుండ్రమవుతుంది. తడిమట్టి వాసన గోడ దూకి ఊళ్ళోకి పోతుంది.

మధ్యాహ్నం మూడింటికి గేటు దగ్గర బావులు నిలబడి ఉన్నాయి. ఇళ్ళ కింద నుంచి, కొట్ల కింద నుంచి, బస్సులు ఆగే చోటు నుంచి లేచి వచ్చాయి. గట్లు కుచ్చిళ్ళలా ఎత్తి పట్టుకుని, వరసగా, నోళ్ళు తెరుచుకుని. ముందు ఉప్పుబావి, దాని వెనక జంట బావులు, ఆ వెనక తిరపతమ్మ కాపురానికొచ్చిన రోజు కాళ్ళు కడుక్కున్న చింతలబావి. మొత్తం ముప్ఫై ఒకటి.

“తోసుకోకండమ్మా, ఒకదాని వెనక ఒకటి రాండి,” అంటుంది సాలమ్మ గేటు తీస్తూ. తర్వాత మెల్లగా, “ఇయ్యన్నీ మావాడు పూడ్చినవేనే,” అంటుంది.

అవేం అడగవు. అడగక్కర్లేదు. ఆఖరి గంప లేక దారి తప్పిన వాటికి ఏం కావాలో తిరపతమ్మకి తెలుసు. గంపకి ముప్ఫై రెండు దోసిళ్ళు పడతాయని కూడా తెలుసు.

నీళ్ళలోకి వంగి అడుగుతుంది. “ఇవ్వనా?”

తాడు ఒకసారి గుంజుకుంటుంది.

“ఉన్నావని తెలుసయ్యా. ఇవ్వనా, వద్దా?”

తాడు ఒకసారి గుంజుకుంటుంది. తాడుకి రెండే మాటలు. ఇవ్వమని చెప్పే గుంజు లేదు, వద్దని చెప్పే గుంజు లేదు. నలభై ఏళ్ళలో మూడో మాట కావలసొస్తుందని వాళ్ళిద్దరూ అనుకోలేదు.

బావులు ఎండలో నిలబడే ఉన్నాయి. చింతలబావి గట్టు మీద నాచు ఎండి పొడి రాలుతోంది.

తిరపతమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, రెండో గుంజు రాకుండానే తాడు లాగుతుంది.

బరువు పైకొస్తుంది. మనిషంత బరువు కాదు, గంపంత బరువే. గట్టు మీద పెట్టి దోసిలితో తీసి ఒక్కో బావి నోట్లో వేస్తుంది. ఉప్పుబావికి దగ్గొస్తుంది. జంటబావులకి పచ్చబొట్టు చెరిసగం వస్తుంది. చింతలబావికి మాత్రం కాస్త ఎక్కువే పడుతుంది. సాలమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. దోసిలి అందుకున్న ప్రతి బావీ తాడులోంచి ఒక పోగు విడదీసుకుని, దాని కొస తనలో వేసుకుని, వచ్చిన చోటికి వెళ్ళిపోతుంది. ముప్ఫై రెండో దోసిలి చిన్నదయింది. తిరపతమ్మ దాన్ని తన బావిలోనే జారవిడుస్తుంది.

ఇప్పుడు ఆమె చేతిలో తాడు లేదు. ముప్ఫై రెండు పోగులున్నాయి. ఒకటి కాళ్ళ ముందు నుంచి కిందికి పోతోంది. తక్కినవి గోడ మీదుగా, కప్పుల మీదుగా, ఊరు నాలుగు దిక్కులా బిగిసి ఉన్నాయి. వాటి మీద పిచ్చుకలు వాలాయి.

“ఉన్నావా?” అని పిలుస్తుంది.

ముప్ఫై రెండు పోగులూ ఒకసారి గుంజుకుంటాయి. పిచ్చుకలన్నీ లేచి, మళ్ళీ వాలతాయి.

ఎటు తిరిగి కూర్చున్నా తక్కిన బావులకి వీపు పెట్టినట్టవుతుంది. అందుకని తిరపతమ్మ లేచి నిలబడి, ఉన్నచోటే మెల్లగా తిరుగుతుంది, గిలకలా. తిరిగేకొద్దీ పోగులు ఆమె నడుముకి చుట్టుకుంటున్నాయి. కాళ్ళ కింద గట్టు చల్లగా, తడిగా ఉంది. పద్నాలుగడుగుల పైన ఆకాశం బావి నోరులా గుండ్రంగా, జల్లెడంత ఉంది.

“ఉన్నావా?” అని దాని అంచు నుంచి దగ్గి మరీ పిలుస్తున్నారు.

తిరపతమ్మ ఒకసారి గుంజుతుంది. పిచ్చుకలు లేస్తాయి. రెండోసారి గుంజడానికి పోగులు పిడికిట్లోకి తీసుకుని, అట్లాగే పట్టుకుని ఉంటుంది. లేచిన పిచ్చుకలు వాలకుండా, ఆ పిడికిలి కేసే చూస్తూ, గాలిలో ఆగి ఉన్నాయి.